పేరమ్మ మూయని కన్నాలు

కొండను తవ్వి ఎలుకను పట్టారని వెటకారం చేసేవాళ్ళలో ఒక్కడైనా తన చేత్తో ఎలుకను పట్టి ఉండడు. పట్టి ఉంటే ఆ మాట అనడు. అదెంత పనో మార్టూరు పక్కన నల్లరేగడి చేల అంచున గుడిసె వేసుకుని బతికే యానాది పేరమ్మను అడగాలి.

జొన్నచేలో ఎలుక బొరియ ఒకటి కనబడిందంటే, కనబడని దొంగదారులు దానికి అయిదారు ఉంటాయి. ఎలుక వాటిని లోపలినుంచి పలచని మట్టితో మూసి ఉంచుకుంటుంది. పైకి చూస్తే మామూలు నేలే. పేరమ్మ మొగుడు గురవయ్య అడుగున చిల్లి ఉన్న కుండలో గడ్డి కుక్కి, నిప్పంటించి, కుండ మూతిని బొరియకు ఆనించి, చిల్లిలోంచి బుగ్గలు పగిలేలా ఊదుతాడు. చూసేవాళ్ళకు పనంతా అతనిదే అనిపిస్తుంది. అసలు పని అంతకుముందే అయిపోయి ఉంటుంది. పేరమ్మ చేనంతా వంగి నడిచి, అరచెయ్యి నేలకానించి, మట్టి ఎక్కడ గుల్లగా ఉందో పసిగట్టి, ఒక్కొక్క దొంగదారినే మడమతో తొక్కి మూసుకుంటూ వస్తుంది. ఒక్కటి మిగిలినా పొగ అందులోంచే పోతుంది, దాని వెంట ఎలుకా పోతుంది. అందుకే బొరియలో ఎలుక దాచుకున్న కంకులు కన్నాలు మూసిన మనిషివి. అది తాతలనాటి కట్టుబాటు. ఎంత పిసినారి రైతైనా దాన్ని కాదనడు.

పేరమ్మ తండ్రి దొంగతనం చేసి ఎరగడు. అయినా తెల్లదొరల కాలంలో ఊళ్ళో ఎక్కడ చొంబు పోయినా పోలీసులు ముందు ఆయన్నే పట్టుకెళ్ళేవాళ్ళు. కాగితం మీద ఏం రాసి వేలిముద్ర వేయించుకున్నారో ఆయనకు చచ్చేదాకా తెలియలేదు. ఆ మంట పేరమ్మ కడుపులో ఆరలేదు. కూతురు మల్లేశ్వరి పుట్టినప్పుడే, ఈ పిల్ల కాగితం చదివి తీరాలి అనుకుంది. యానాది పిల్లల కోసం సర్కారు పెట్టిన ఆశ్రమ బడిలో వేసింది. తోటి ఆడవాళ్ళు నవ్వితే, నవ్వినవాళ్ళను నాలుగు తిట్టింది.

యాభై తొమ్మిదిలో ఆ బడి హెడ్మాస్టరు ఖాజావలి యానాదులందరినీ పిలిచి ఒక కాగితం చదివి వినిపించాడు. జిల్లాలోని ఒక పెద్ద కాలేజీకీ, ఆశ్రమ బడికీ పరస్పర సహకార ఒప్పందమట. యానాదులు ఎలుకలు పట్టే పద్ధతిని కాలేజీవాళ్ళకు నేర్పాలి. బదులుగా కాలేజీ ఏటా ఒక యానాది పిల్లకో పిల్లాడికో పి.యు.సి.లో సీటిచ్చి, హాస్టల్లో ఉంచుకుని చదివించాలి.

"ఇందులో మోసం లేదుగదా మాస్టారూ?" అని అడిగింది పేరమ్మ.

"ప్రిన్సిపాలుగారే సంతకం పెట్టారమ్మా. చదువుకున్న మనిషి," అన్నాడు ఖాజావలి. పాపం, చదువుకున్నవాడికి అబద్ధం రాదని ఆయన నమ్మకం.

మూడేళ్ళు వచ్చారు కాలేజీవాళ్ళు. ప్రిన్సిపాలు అంకారావు స్వయంగా టోపీ పెట్టుకుని వచ్చాడు. కుండ కొలిచారు. కుండ చిల్లి కొలిచారు. గడ్డి తూచారు. గురవయ్య ఊదబోతుంటే ఫొటోలు తీశారు. అప్పుడు పేరమ్మ వంగి ఒక కన్నం మూస్తోంది.

"ఏమ్మా, కాస్త పక్కకి జరుగు. ఫొటోకి అడ్డం వస్తున్నావ్," అన్నాడు అంకారావు.

పేరమ్మ జరిగింది. మూడేళ్ళలో ఆవిడతో ఆయన మాట్లాడింది ఆ ఒక్క మాటే. తరవాత పుస్తకం అచ్చయింది. కుండ బొమ్మ ఉంది, కొలతలు ఉన్నాయి, పైన పెద్ద అక్షరాలతో 'అంకారావు పద్ధతి' అని ఉంది. సొమ్మొకడిది, సోకొకడిది. ఆ పుస్తకాన్ని ఎంత వెతికినా యానాది అన్న మాట ఒక్కచోట లేదు.

అరవై ఒకటిలో మల్లేశ్వరి ఎస్సెల్సీ పాసయింది. ఆ చుట్టుపక్కల యానాదుల్లో పాసైన మొదటి పిల్ల. తల్లీ కూతుళ్ళు ఒప్పందం నకలు చేతబట్టుకుని కాలేజీకి వెళ్ళారు. మధ్యాహ్నం దాకా వరండాలో నిలబెట్టి, అప్పుడు లోపలికి పిలిచాడు అంకారావు.

"సీట్లు నిండిపోయాయమ్మా. హాస్టలు వంటింట్లో మాత్రం మనిషి కావాలి. అంట్లు తోముతూ తీరికున్నప్పుడు చదువుకోమను."

మరుసటేడు పోతే, "పైనుంచి ఉత్తర్వులు రాలేదు," అన్నాడు. ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్ళను చాలామందిని చూశాం గానీ, తగలేసిన తెప్ప మంట దగ్గర చలి కాచుకునేవాణ్ణి ఈయన్నే చూశాం. ఎస్సెల్సీ పాసైన పిల్ల రెండేళ్ళు మిరపచేలో కాయలు కోసింది. సాయంత్రం ఆ మంటచేతులతో కళ్ళు తుడుచుకోవడానికి కూడా లేదు.

అరవైమూడు జనవరిలో గురవయ్యకు కబురొచ్చింది. అంకారావు పద్ధతి చూడటానికి హైదరాబాదు నుంచి వ్యవసాయ శాఖ డైరెక్టరుగారు వస్తున్నారట. కాలేజీ వ్యవసాయ క్షేత్రంలో ప్రదర్శన. కుండలతో నలుగురు మగవాళ్ళు రావాలి, ఆడవాళ్ళు అక్కర్లేదు.

పిలవని పేరమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని మొగుడి వెనకాలే వెళ్ళింది. వెళ్ళి గట్టు మీద నిలబడింది. చేలో అడుగు పెట్టలేదు.

చేను పక్కన షామియానా, కుర్చీలు, పూలదండలు. అంకారావు మైకులో ఇంగ్లీషులో అరగంట మాట్లాడాడు. గురవయ్య కుండ పట్టుకుని గట్టు దగ్గరికి వచ్చాడు.

"పేరా, కన్నాలు మూయవా?"

"పుస్తకం రాశాడుగా. అందులో ఉందేమో చూసుకోమను."

గురవయ్య పెళ్ళాం మొహం చూశాడు. పోయి మిగతా ముగ్గురితో కలిసి ఊదటం మొదలుపెట్టాడు.

పొగ బొరియల్లోకి పోయింది. పోయి, చేలో పదిచోట్ల పైకి లేచింది. షామియానా కింద కూడా లేచింది. వెంటనే ఎలుకలు బయటపడ్డాయి. బలిసిన ఎలుకలు, కాలేజీ జొన్నలు తిన్న ఎలుకలు, కుర్చీల మధ్య పరుగో పరుగు. డైరెక్టరుగారు రెండు కాళ్ళూ ఎత్తి కుర్చీలో పెట్టుకున్నాడు. దండలు తెచ్చిన లెక్చరర్లు బల్లలెక్కారు.

"ఏరా! ఏం చేశావురా?" అంకారావు గురవయ్య మీద విరుచుకుపడ్డాడు.

"నేను ఊదేవాణ్ణేనయ్యా. కన్నాలు మూసేది మా ఆడది. మీరు రావద్దన్నారు గందా."

అంకారావు గట్టు వైపు తిరిగాడు.

"ఏమ్మా, దిగు. దిగి మూయి."

"ఫొటోకి అడ్డమొస్తానేమోనయ్యా," అంది పేరమ్మ. తరవాత కూతురి భుజం తట్టింది. "చదవ్వే. గట్టిగా చదువు."

మల్లేశ్వరి ఒప్పందం చదివింది. మొదటి మాటలు ముందు వరసకే వినబడ్డాయి. సీటు మాట దగ్గరికొచ్చేసరికి చేనంతా వినబడింది. డైరెక్టరుగారు కాళ్ళు దించి, చెవి ఒగ్గి విన్నాడు.

"ఇది నిజమేనా?" అని అడిగాడు ప్రిన్సిపాలును.

"అది... పరిశీలనలో ఉందండీ."

"రెండేళ్ళుగా పరిశీలిస్తున్నాడయ్యా!" పేరమ్మ కేకకు బల్లల మీది లెక్చరర్లు కూడా ఇటు తిరిగారు. "నా బిడ్డ చేతి ఏళ్ళు మిరపకాయల్తో మండిపోతన్నయ్యి. మా కుండ కొలుచుకున్నాడు, దాని చిల్లి కొలుచుకున్నాడు, పేరు తనది పెట్టుకున్నాడు. నా బిడ్డకి అంట్లు చూపించాడు. సీటు కాగితం నా చేతిలో పెడితేనే నేను చేలో దిగేది."

పదిమంది ముందు తప్పలేదు. అంకారావు మోకాలి మీద కాగితం పెట్టుకుని రాశాడు. పేరమ్మ దాన్ని కూతురిచేత రెండుసార్లు చదివించుకుని, కొంగున ముడేసుకుని, అప్పుడు చేలోకి దిగింది. పదకొండు కన్నాలు మూసింది. ఆనక గురవయ్యవాళ్ళు ఊదితే లోపల మిగిలిన ఎలుకల్లో ఒక్కటీ తప్పించుకోలేదు. బొరియలు తవ్వితే బుట్టెడు కంకులు బయటపడ్డాయి. కాలేజీ బంట్రోతు వాటిని లేబరేటరీకని సంచిలోకి ఎత్తబోతే, పేరమ్మ ఆ సంచి లాక్కుని కంకులు తన ఒళ్ళో పోసుకుంది.

జూన్‌లో మల్లేశ్వరి కాలేజీలో చేరింది. అంట్లు తోమలేదు, చదువుకుంది.

ఇక్కడితో ఆపితే కథ బాగుండేది. కానీ ఆగస్టులో ఆశ్రమ బడికి ఉత్తరం వచ్చింది. ఆ ఏడు ఇంకో ఇద్దరు యానాది పిల్లలు ఎస్సెల్సీలో ఉన్నారు. ఖాజావలి పేరమ్మను పిలిచి, తల వంచుకుని చదివాడు: "ఆశ్రమ పాఠశాల వైపునుంచి తగిన సహకారం లభించనందున ఒప్పందాన్ని రద్దు చేయడమైనది."

పేరమ్మకు ఒళ్ళు భగ్గుమంది. ఆయన్ని ఇంకోసారి చదవమంది. ఈసారి నిలబడి విన్నది.

"తిరుగు జాబు రాయండి మాస్టారూ."

"ఏం రాయమంటావమ్మా?"

"జొన్న కంకికొచ్చేనాటికి ఎలుకలు మళ్ళీ వస్తయ్యని రాయండి. పుస్తకం పట్టుకుని ఆయన్నే చేలో దిగి ఊదుకోమనండి. చేతగాక నాకు కబురు పెడితే, ఈ పాలికి ఒక సీటు చాలదు, రెండు కావాలని రాయండి."