లావణ్యకు చెప్పని రక్తపరీక్ష

ఏడేళ్లుగా ఒక మాటను మింగలేక, కక్కలేక మోస్తున్నాను. నా కొడుకుకు అన్నం కలుపుతున్నప్పుడు గుర్తొస్తుంది. వాడి బుగ్గలు ఎర్రగా కనిపించినప్పుడు మరీ గుర్తొస్తుంది. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మహబూబ్‌నగర్‌లో బీఎస్సీ చదివాను. జువాలజీ. చివరి ఏడాదిలో కాలేజీకి ఎవరో వచ్చి అందరి రక్తం పరీక్ష చేశారు. వారం తర్వాత మా మేడమ్ నన్ను ఒక్కదాన్నే పిలిచి ఒక కాగితం ఇచ్చారు. నాలో తలసీమియా అనే వంశపారంపర్య రక్తలోపం దాగి ఉందట. నాకు ఏ జబ్బూ రాదు. కానీ చేసుకోబోయేవాడిలోనూ అదే ఉంటే పుట్టే బిడ్డకు ప్రమాదం. పెళ్లికి ముందు అతనికి పరీక్ష చేయించమన్నారు. తోబుట్టువులకు కూడా చేయించమన్నారు. తోబుట్టువులకు కూడా. ఆ మాట నేను సరిగ్గానే విన్నాను.

అప్పటికే ఇంట్లో కుండమార్పిడి ఖాయమైంది. మా మేనత్త కొడుకు నాకు, ఆమె కూతురు లావణ్య మా తమ్ముడికి. ఒకే పందిరి, రెండు పెళ్లిళ్లు. ఒకటి చెడితే రెండోది నిలవదు. మేనరికం కదా, మన రక్తమే, కొత్తగా చూడాల్సిందేముంది అని రెండిళ్లలోనూ ధీమా. మన రక్తమే కాబట్టి చూడాలని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆ పిల్ల రక్తంలో ఏదో దోషముందట అన్న మాట ఒకసారి పుడితే ఎంత దూరం పోతుందో ఊహించుకొని, ఆ కాగితాన్ని రికార్డు పుస్తకం అట్టలోకి తోశాను. పెళ్లయ్యాక చింపేశాను.

అది భయమని సరిపెట్టుకోవచ్చు. మరి ఆ తర్వాత చేసిందేమిటి?

నెల తప్పగానే, తండ్రికి కూడా రక్తపరీక్ష ఉంటుందని చెప్పి మా ఆయనను ల్యాబుకు తీసుకెళ్లాను. ఆయన నా మాట నమ్మాడు. చేయి చాపాడు. రిపోర్టు తెచ్చుకోవడానికి నేనొక్కదాన్నే వెళ్లాను. ఆయనలో లేదు. ల్యాబు మెట్ల మీదే కూర్చొని ఏడ్చాను. ఆ రోజు తమ్ముడు గుర్తు రాలేదా? వచ్చాడు. లావణ్యకు అప్పటికింకా కడుపు రాలేదు. ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. కానీ చెబితే, పెళ్లికి ముందే తెలిసీ దాచానని బయటపడుతుంది. వాడికి ఉందో లేదో, వాడికి ఉన్నా లావణ్యకు ఉండాలని ఏముంది అనుకుంటూ, నా కడుపు మీద చేయి వేసుకొని ఇంటికి వచ్చేశాను.

కణ విభజన మీద పరీక్షల్లో పేజీలకు పేజీలు రాసినదాన్ని. ఒళ్లు పెరగడానికి కణం రెండుగా విడిపోతే ఉన్నదంతా రెండింటికీ వస్తుంది. బిడ్డ కోసం తయారయ్యే కణానికి మాత్రం సగమే వెళుతుంది. ఏ సగం వెళ్లాలన్నది ఎవరి చేతిలోనూ లేదు. తల్లి మొక్కినా అంతే, ఏడ్చినా అంతే. మనిషి చేయగలిగింది ముందుగా చెప్పడం ఒక్కటే. అదే నేను చేయలేదు.

లావణ్య కూతురు అమ్ములు పుట్టిన ఏడో నెలకే పాలిపోయింది. ఇప్పుడు నాలుగేళ్లు. మూడు వారాలకోసారి దవాఖానలో రక్తం ఎక్కించాలి. డాక్టర్లు ఏం చెప్పినా మా అమ్మకు తన కారణం తనకుంది.

"గ్రహణం నాడు కత్తి వట్టకే అంటే విన్నదా? బీరకాయలు గోసుకుంట కూసుంది," అని వచ్చిన ప్రతి బంధువు ముందూ కోడలిని అంటుంది. లావణ్య తల వంచుకొని చాయ్ అందిస్తుంది. నేనూ ఆ చాయ్ తాగాను.

పోయిన ఏడాది ఒకసారి వాళ్లకు తోడుగా దవాఖానకు వెళ్లాను. అమ్ములు నిద్రపోతోంది. రక్తం చుక్క చుక్కగా దిగుతోంది. లావణ్య నా పక్కకు జరిగింది.

"వదినా, మా ఇద్దర్ల ఉన్నదంటడు డాక్టరు. నువ్వు సదువుకున్నవు గదా, నాకు జర సమజయ్యేటట్టు చెప్పు."

మందుల చీటీ వెనక గుండ్రాలు గీశాను. నీ నుంచి సగం, వాడి నుంచి సగం, రెండింట్లోనూ అదే వస్తే బిడ్డకు ఇట్లా అవుతుందని చూపించాను. తను ఏకాగ్రతతో చూసింది.

"గీ బొమ్మ అత్తమ్మకు సూపియ్యి. బీరకాయకు గింత బలముంటదా?" అని నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఆగింది. "మరి మీ తమ్మునికి ఉన్నదంటే నీకు గూడ ఉండాలె గదా, వదినా?"

"ఉండాలని లేదు," అన్నాను.

పాఠం ప్రకారం అది నిజమే. తోబుట్టువుల్లో ఒకరికి వచ్చింది మరొకరికి రాకపోవచ్చు. ఆ నిజం వెనక దాక్కున్నాను.

"పోనీతీ. నీకన్న అది లేదు. నీ కొడుకు సల్లగుండాలె," అంది నా చేయి పట్టుకొని. ఆ మాటలో ఎక్కడా అసూయ లేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నా కొడుక్కి ఇంతవరకూ పరీక్ష చేయించలేదు. వాడిలో దాగి ఉందని తేలితే, ఎవరి నుంచి వచ్చిందని అడుగుతారు. అంటే నేను ఇంకా దాస్తూనే ఉన్నాను. రేపు వాడికి పెళ్లీడు వస్తే? అప్పుడైనా నోరు తెరుస్తానా? నా మీద నాకే నమ్మకం లేదు.

నాలో ఉంది. పెళ్లికి ముందే నాకు తెలుసు. మా ఆయనలో లేదని తేలిన రోజునే, తమ్ముడి సంగతి తెలిసి తెలిసి వదిలేశాను. గ్రహణం కాదు, కత్తి కాదు. నేను చెప్పి ఉంటే వాళ్లిద్దరికీ ముందే తెలిసేది, ఏం చేయాలో వాళ్లే తేల్చుకునేవాళ్లు. ఆ అవకాశం నేను తీసేశాను.

ఇంత సూటిగా ఈ మాటలు ఎప్పుడూ అనుకోలేదు, మనసులో కూడా. రాశాక గుండె మీద బరువు కొంచెం జరిగినట్టుంది. ఈ తేలిక కూడా నాకే దక్కింది. లావణ్యకు కాదు.