పచ్చి అరటికాయలో పిండి

పచ్చి అరటికాయలో పిండి పదార్థం ఉంటుందని, పండేకొద్దీ అది చక్కెర అవుతుందని తొమ్మిదో తరగతిలో మా టీచరమ్మ తమిళంలో చెప్పారు. పిండి ఉంటే అయోడిన్ చుక్క నల్లబడుతుందట. కళ్లారా చూడాలనుకున్నాను. తమిళనాడులోని మా ధర్మపురి ఆసుపత్రి నర్సును మూడుసార్లు అడిగి కాస్త అయోడిన్ తెచ్చుకున్నాను. ఒకే గెలలోని కాయలను రోజుకొకటి కోసి చుక్క వేశాను. మొదటి ముక్క నల్లబడింది.

"తినేదాన్ని పాడు చేస్తాండావే," అని మామిడి తోపులో కూలికి పోయే అమ్మ కోప్పడింది. నేను మానలేదు. ఏడో రోజుకు కాయ బాగా పండింది, ముక్క నల్లబడలేదు.

"పిండి చక్కెరయిపోయిందిమా."

"తీపి సంగతి నాలుకే చెప్తాది కదా."

"ఎందుకు తియ్యగయిందో చెప్పదు కదమా."

మర్నాడు అమ్మ తోపు నుంచి పచ్చి మామిడికాయ తెచ్చి, కోసి నా ముందు పెట్టింది.

"దీంట్లో పిండి ఉండాదేమో చూడు," అంది.