సరళ టీచర్ నంబరు

మా హనుమంతునిపాడు వైపు పల్లెల్లో ఫోన్ నంబర్లకి ఆయుష్షు తక్కువ. పెద్దలు పనికోసం హైదరాబాదో బెంగళూరో పోతారు, అక్కడ ఇంకో సిమ్ వేసుకుంటారు. పాతది రీఛార్జి లేక మూగబోతుంది. ఈ సంగతి బాగా తెలిసే సరళ ఆ పని చేసింది. ఆమెని తెలివితక్కువది అన్నవాళ్లతో నేను పోట్లాడాను, ఇప్పటికీ పోట్లాడతాను.

సరళ మా హైస్కూల్లో సైన్సు టీచరు. నేను తెలుగు చెబుతాను, ట్యాబు కనబడితే విసుక్కుంటాను. ఆమె మాత్రం ట్యాబులు రాగానే మురిసిపోయింది. డిజిటల్ నోట్‌బుక్కులో ప్రతి బిడ్డకీ ఒక పేజీ, జట్టుకొక ఉమ్మడి పేజీ. ఒకరు రాసినదాన్ని ఇంకొకరు అక్కడే దిద్దవచ్చు, కాదని కింద రాయవచ్చు. తొమ్మిదో తరగతికి నీళ్ల పాఠం అట్లాగే నడిపింది. ఊళ్లో ఏ బోరు ఎప్పుడు ఎండింది, ఫ్లోరైడు నీళ్లకి ఎవరి పళ్లకి గార పట్టింది, అన్నీ పిల్లలే ఇంటింటికీ తిరిగి అడిగి రాశారు. ప్రసన్న అనే పిల్ల వాళ్ల అవ్వ చెన్నమ్మ చెప్పిన పాత బావుల కబుర్లు అందులో పెట్టింది. క్లాసులో ఆ పిల్ల గొంతు నేనెప్పుడూ వినలేదు. ఆ పేజీలో మాత్రం అందరితోనూ తగువు వేసుకునేది. అది చదివాక నా విసుగు సగం దిగింది.

ఖాతాలు తెరిచేటప్పుడు తల్లిదండ్రుల నంబరు కావాలన్నారు. చాలామంది పిల్లలకి పలికే నంబరే లేదు. "నంబరు లేదని పాఠం ఆపుతామా అక్కా?" అని సరళ వాళ్లందరికీ తన నంబరే పెట్టేసింది. ఇక ఏ బిడ్డ ట్యాబు తెరిచినా ఓటీపీ ఆమె ఫోనుకే. జ్వరంతో పడుకున్నా, బస్సులో నిలబడి ఉన్నా, అంకెలు చదివి చెప్పాల్సిందే. సెలవు పెట్టినా పెట్టనట్టే. "సరళమ్మ లేకపోతే బడే నడవదు" అని హెడ్మాస్టర్ లక్ష్మీనరసయ్యగారు పొగిడేవారు. పొగడ్తతో మనిషిని కట్టేయడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య.

సరళ సంసారం మార్కాపురంలో ఉంది. భర్త శివకృష్ణకి అక్కడ ఎరువుల దుకాణం. చిన్నకూతురు నాయనమ్మ దగ్గర పెరుగుతోంది. సరళ కనిగిరిలో గది తీసుకుని, ఆదివారాలు ఇంటికి వెళ్లి వచ్చేది. ఒక ఆదివారం పాప ఆమెని గడపలో చూసి, "టీచరమ్మ వచ్చినాది" అంటూ లోపలికి పరుగెత్తిందట. ఆ మాట నాకు చెబుతూ స్టాఫ్‌రూమ్‌లోనే వెక్కి వెక్కి ఏడ్చింది.

దసరా తర్వాత మార్కాపురానికి బదిలీ వచ్చింది. గురువారం సాయంత్రానికల్లా ఇక్కడ రిలీవ్ కావాలి, లేకపోతే ఆ ఖాళీ ఇంకొకరికి పోతుంది. స్వీట్లు పంచుదామని వెళితే హెడ్మాస్టరు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు.

"నాదేం లేదమ్మా. పిల్లలంతా నీ నంబరు మీద ఉండారు. ఒక్క బిడ్డ మిగిలినా యాప్ నిన్ను వదలదు. అది వదలకుండా నేనెట్ల సంతకం పెట్టేది?"

పైగా ఈ ఏడు కొత్త నిబంధన వచ్చింది. ఒక నంబరు ఒక ఇంటి పిల్లలకే, టీచర్లవి కొత్తగా చెల్లవు. సరళ ఊరంతా తిరిగింది. ఒకడికి దొనకొండలో ఉన్న మేనమామ దొరికాడు, ఇంకొకతెకి పెద్దక్క మొగుడు. చివరికి ప్రసన్న ఒక్కతే మిగిలింది. తల్లీతండ్రీ ఇళ్లు కట్టే బేల్దారి పనికి పోయారు, ఏ నంబరూ పలకడం లేదు. నా నంబరు కొడితే యాప్ వెనక్కి తోసేసింది. ఇరుగుపొరుగువి వాళ్ల పిల్లలకే సరిపోయాయి.

చెన్నమ్మకి సిమ్ తీయిద్దామని ఇద్దరం ఆమెని కనిగిరి తీసుకెళ్లాం. దుకాణమాయన మిషన్ మీద ఆమె వేలు పెట్టించాడు. ఇంకో వేలు పెట్టించాడు. తుడిచి మళ్లీ పెట్టించాడు. పొగాకు తోటల్లో, కంది చేలల్లో అరిగిపోయిన వేళ్లు, మిషన్ ఒక్కదాన్నీ ఒప్పుకోలేదు.

"ఆ పిల్లకి నంబరు ఈ టీచరమ్మే గదా నాయనా, ఇంకేంది మీకు?" అంది చెన్నమ్మ. అతను నవ్వాడు. సరళకి నవ్వు రాలేదు.

ఇక మిగిలింది ప్రసన్న ఖాతా తీసేయడమే. తీసేస్తే ఆ పిల్ల రాసినవన్నీ పోతాయి, ఈ ఏడాదికి మళ్లీ ఇవ్వరు. గురువారం మధ్యాహ్నం సరళ ప్రసన్నని పిలిచి ఉన్నదున్నట్టు చెప్పింది. చెప్పి, "నేను పోనులే" అని కూడా అంది.

ప్రసన్న తన ట్యాబు తెచ్చి బల్లమీద పెట్టింది. "తీసేయండి టీచర్. ఆ బావుల కబుర్లు నాకు నోటికొచ్చు. మీ పాప ఏడుస్తా ఉంటది."

తీసేయడానికీ ఓటీపీ సరళ ఫోనుకే వచ్చింది. నేను పక్కనే ఉన్నాను. మొదటిసారి ఆమె అంకెలు తప్పు కొట్టింది. రెండోసారి యాప్ తీసుకుంది. హెడ్మాస్టరు సంతకం పెట్టి, వీడ్కోలు ఉపన్యాసం కూడా దంచారు.

ప్రసన్న రాసినదంతా నేను ముందే కాగితాల మీద ఎక్కించి ఇచ్చాను. కానీ కాగితం మీద ఆ పిల్లతో తగువు పెట్టుకునేవాళ్లెవరు?

సోమవారం పొద్దున సరళ ఫోన్ చేసింది. పాప తన పక్కలోనే పడుకుంటోందని, ఇప్పుడు అమ్మా అంటోందని చెప్పింది. తర్వాత అడిగింది.

"ప్రసన్న ఏం చేస్తా ఉందక్కా?"

అబద్ధం చెబుదామనుకున్నాను, నోరు రాలేదు. "ఖాతా పోయినాక తనకి ట్యాబు లేదు గదా. వాళ్ల జట్టులో ఉమేష్ పక్కన కూచోని వానికి చెప్తా ఉంది. వాడు రాస్తా ఉండాడు, వాని పేరు మీద."

 ఫోనులో వెనక పాప ఏదో అడుగుతోంది.

"నేను బయటపడేదానికి ఆ బిడ్డ పేరు కొట్టేసి వచ్చినా గదక్కా," అంది సరళ.