కంగాణి మోకాలు

నా చిన్నప్పుడు, జపాన్ వాళ్లు రాకముందు, మేం మలయాలో బంటింగ్ ఊరి దగ్గర ఒక రబ్బరు తోటలో ఉండేవాళ్లం. ఆ తోట కూలీల పిల్లకి, అంటే నాకు, ఈ వారమే ఆరోగ్య విద్యలో డిగ్రీ పట్టా వచ్చింది. మా వంశంలో ఇదే మొదటిది, అదీ డెబ్బై ఏళ్లకి! బస్సులో పక్కన కూర్చున్నవాళ్లకి కూడా చెప్పేస్తున్నాను. ఈ వయసులో ఆ చదువేమిటని అడిగినవాళ్లందరికీ మా కంగాణి మోకాలి సంగతి వినిపిస్తున్నాను.

రబ్బరు చెట్టుకి రోజూ సన్నగా బెరడు చెక్కుతూ పోతే, గాటు ఏళ్ల మీద కిందికి దిగి నేలకి జానెడు ఎత్తులోకి వస్తుంది. అలాంటి చెట్లకి పాలు తీయాలంటే ప్రతి చెట్టు దగ్గరా గొంతుక్కూర్చుని లేవాలి. మా కూలీల మీద పెత్తనం చేసే కంగాణి, తన ఇంట్లో ఊరికే అంట్లు తోమమంటే మా అమ్మ వెళ్లలేదు. అప్పట్నుంచి ఆమెకి అన్నీ కిందిగాటు చెట్లే. రెండేళ్లకి మోకాళ్లు బూరెల్లా వాచాయి. చెట్లు మార్చమని అడిగితే నలుగురిలో నవ్వాడు.

"ఏటే, పొద్దు పొడిస్తే నాటకమేనా? రేపు పనికి రాపోతే పేరు కొట్టేస్తాను. గది కాళీ సేసి పో."

పేరు పోతే తోటవాళ్లిచ్చిన గది పోతుంది. నాన్న అప్పటికే లేడు. అమ్మ ఆ మోకాళ్లతోనే వెళ్లింది.

పక్క గది మామ్మ తోటలో అందరి కీళ్లూ చూసేది. అమ్మకి వేడి కాపడం పెట్టి, ఆముదం రాసి, కాలు చాచి తొడ బిగించి వదలడం నేర్పింది. పని మారకపోతే తన మందు ఎంతో కాలం పనిచేయదని కూడా చెప్పింది. అది విన్నాక కంగాణి చావాలని నేను రోజూ దేవుడికి మొక్కుకున్నాను.

వాడు చావలేదు గానీ, వారం తిరక్కుండా తడిసిన చెక్క వంతెన మీద జారి మోకాలు మెలితిప్పుకున్నాడు. మామ్మకి కబురొచ్చింది. నేను గుప్పెడు చిట్టి మిరపకాయలు నూరి ఆమె ఆముదంలో కలపబోయాను. చేతి మీద ఒక్కటిచ్చింది.

"మందుని పాడు సెయ్యకే. పగ ఏరే, మందు ఏరే. నాతో రా, సూద్దువు గానీ."

పాలు తూచే కొట్టు ముందు అందరూ బకెట్లతో వరసలో ఉన్నారు. కంగాణి బల్ల మీద మూలుగుతున్నాడు. మామ్మ మోకాలిని వేలితో నొక్కింది. అది బెణుకని ఆమెకి అప్పుడే తెలిసిపోయింది, ఆ ముఖం చూసి నేనే పోల్చుకున్నాను. అయినా తెలియనట్టే మాట్లాడింది.

"అయ్యా, ముసిలోళ్లకి అరిగిపోతే పొద్దున్న బిగిసిపోతాది. మెలిపడితే గబుక్కున వాస్తాది. గొంతుక్కూకుని పని సేసినోళ్లకి లేసినప్పుడల్లా పీకుతాది. నీదేటో తెలాల. ఆ సెట్టు కాడ కూకో, సూస్తాను."

వాడు నమ్మి, చెట్టు పట్టుకుని వంగాడు. సగం దిగాడో లేదో "ఓలమ్మా!" అని కేకపెట్టి మట్టిలో చతికిలబడ్డాడు.

"లే అయ్యా, నాటకాలాడకు," అంది మామ్మ.

వరసంతా గొల్లున నవ్వింది. మామ్మ మాత్రం నవ్వలేదు. చల్లటి నీళ్లలో తడిపిన గుడ్డ పట్టుకుని అలాగే నిలబడింది.

"ఒక్క సెట్టుకే ఇలగైపోనావు. ఈ పిల్ల తల్లి రోజూ ఎన్ని సెట్లకి కూకుంటాదో! రేపట్నుంచి దానికి పైగాటు సెట్లిస్తానని ఈళ్లందరి ముందూ అను. అప్పుడు కడతాను."

"ఇస్తానే ముసలమ్మా, ఇస్తాను! ముందు కట్టు!"

అప్పుడు మామ్మ ఎంత శ్రద్ధగా కట్టిందని! కాలు దిండు మీద ఎత్తి పెట్టించింది. పది రోజులు గొంతుక్కూర్చోవద్దని గట్టిగా చెప్పింది. పాపం, దొడ్డికెళ్లడానికి వాడు మధ్యలో కంత కోసిన కుర్చీ చేయించుకున్నాడు. ఆ కుర్చీని తలుచుకుని మేం ఆ పది రోజులూ నవ్వుకున్నాం.

పైగాటు చెట్లకి మారాక కూడా అమ్మ వాపు తగ్గడానికి నెలలు పట్టింది. గది మాత్రం నిలిచింది.

ఇప్పటికీ ఎవరైనా మోకాలు నొప్పి అంటే, మందు పేరు చెప్పేముందు వాళ్లు రోజంతా ఏ పని చేస్తారో అడుగుతాను. ఆ నొప్పిని నమ్మనివాడు పక్కన కనిపిస్తే మాత్రం, నేనింకా అంత మంచిదాన్ని కాలేదు, వాణ్ణి ఒకసారి గొంతుక్కూర్చోమంటాను.