మూత ఎటు తిప్పాలి

బాబాయికి ఇంగ్లీషులో ఒకే ఒక్క క్రియ అంటే ప్రాణం: పర్సివియర్, అంటే పట్టు వదలకపోవడం. ట్యుటోరియల్లో పాఠాలు చెప్పిచెప్పి రిటైరయ్యాక మిగతా క్రియలన్నీ తలోదారి పట్టాయి గానీ, ఇది మాత్రం ఆయన్ని అంటిపెట్టుకునుంది. గుమ్మంలోకి వచ్చినవాళ్ళకి మంచినీళ్ళకన్నా ముందు ఆ మాట ఇచ్చేవాడు. "దీంతో ఒక వాక్యం చెప్పండి, చూద్దాం!" గ్యాసు సిలిండరు తెచ్చే మనిషి వాకిట్లో సిలిండరు దింపి, డబ్బులు కిందింట్లో ఇమ్మని మెట్లు దూకి పారిపోయేవాడు.

ఆయన అన్న కూతురికి ఆ వీలూ లేదు. చిన్నప్పుడు ఆయన భుజాలమీదే తిరిగింది. పెళ్ళయ్యాక పక్కవీధిలోనే కాపురం.

"వాక్యం చెప్పవే, అమ్మడూ."

"తర్వాత చెప్తాలే, బాబాయ్."

వాళ్ళిద్దరికీ పలకరింపు ఇదే.

ఒకసారి ఆమె భర్త జామ్ సీసా మూతతో కుస్తీ పడుతున్నాడు. మొహం జామ్ రంగుకి తిరిగింది.

"అల్లుడుగారూ, మీరు పర్సివియర్ చేస్తున్నారా, మొండికేస్తున్నారా?"

"తేడా ఏముంది, మావయ్యగారూ?"

"కష్టమని తెలిసీ మానకపోవడం రెండింట్లోనూ ఉంది. మూత ఎటు తిప్పాలో మధ్యమధ్య చూసుకుంటే పర్సివియర్. చూసుకోకపోతే మొండితనం."

అల్లుడు చూసుకున్నాడు. అప్పటిదాకా బిగిస్తున్నాడు.

చెప్పడమే కాదు, ఆచరణ కూడా ఉండేది. వెళ్ళిపోయిన బస్సు వెనక పరిగెత్తేవాడు. "మాస్టారూ, అది ఇంక ఆగదండీ!" అని కిళ్ళీకొట్టతను అరిస్తే, "ముందు సిగ్నలుంది!" అని అరుస్తూ మలుపు తిరిగిపోయేవాడు. ఓసారి నిజంగానే పట్టుకున్నాడు కూడా. ఎక్కాక తెలిసింది, అది ఆయన బస్సు కాదు.

ఇవన్నీ తలుచుకుని నవ్వుకోవాల్సిన రోజుల్లో ఆమెకి నవ్వే కరువైంది. రెండేళ్ళు దాటినా పాపకి మాటలు రాలేదు. ఆమె పనిచేసేది నీళ్ళు పరీక్షించే ల్యాబులో. ఏ గ్లాసులో ఏముందో ఇట్టే తేల్చే మనిషికి, సొంతబిడ్డ నోట్లో ఏం ఆగిపోయిందో అంతుపట్టలేదు. ఆఫీసునించి రాగానే పాపని ఎదురుగా కూర్చోబెట్టుకునేది. బొమ్మ చూపించి, "ఇదేంటమ్మా? పిల్లి. అను, పిల్లి." పాప కిటికీ వంక చూసేది. "ఇటు చూడు. పిల్లి!" పాప ఏడ్చేది. పాప పడుకున్నాక తను ఏడ్చేది.

ఒక సాయంత్రం వంటింట్లోంచి వచ్చేసరికి బాబాయి పాప ముందు బాసింపట్టు వేసుకుని, బుగ్గలు పూరించి, "ప్... ప్... ప్..." అంటున్నాడు. మాట రానట్టు గుడ్లు మిటకరించి, ఠపీమని నుదురు కొట్టుకున్నాడు. పాప కిలకిలా నవ్వింది.

ఊరందరి ముందూ ఆ పర్సివియర్‌ని గడగడా వల్లించే మనిషికి, తన బిడ్డ ముందే నోరు తిరగడం లేదా? ఆమెకి ఒళ్ళు మండింది.

"మాటలు రాని పిల్లని వెక్కిరించడానికి నీకు మనసెలా వచ్చింది, బాబాయ్? ఆ దిక్కుమాలిన మాట తీసుకుని వెళ్ళిపో. ఇంక రాకు."

ఆయన పాప వంక చూసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఆమె అన్నట్టే మళ్ళీ రాలేదు. సాయంత్రమైతే పాప తలుపు దగ్గరికి వెళ్ళి కూర్చునేది. ఆమె అక్కణ్ణించి లాక్కొచ్చి బొమ్మలు చూపించేది.

కొన్ని వారాల తర్వాత, మాటలు నేర్పే డాక్టరమ్మ పాపతో ఆడుతూ సబ్బుబుడగ ఊదింది. పాప బుగ్గలు పూరించి, "ప్... ప్..." అని, ఠపీమని నుదురు కొట్టుకుంది.

డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది. "పెదాలు ఎంత బాగా కలుపుతోందో! ఎవరండీ నేర్పింది? పెద్దవాళ్ళకీ మాట తడబడుతుందని చూస్తే పిల్లలకి భయం పోతుంది. ఆ ఆట మాత్రం మానకండి."

"మాన్పించేశానండీ," అందామె. అన్ని సాయంత్రాలు! పాప తలుపు వైపే చూపిస్తున్నా, తను బిగిస్తూనే ఉంది.

అట్నించి అటే పాపని తీసుకుని బాబాయి ఇంటికి వెళ్ళింది. తలుపు తీసిన బాబాయి మంచినీళ్ళిచ్చాడు. వాక్యం అడగలేదు. అదే ఆమెకి ఎక్కువ గుచ్చుకుంది.

"అడగవా, బాబాయ్?"

"వద్దులేవే."

"మూత ఎటు తిప్పాలో చూసుకోలేదు, బాబాయ్."

ఆయన జవాబు చెప్పేలోపు పాప మధ్యలో దూరి, ఆయన మొహానికి మొహం ఆనించి, ఊపిరంతా బిగబట్టి వదిలింది. "ప్... ప్... ప్పా!" కళ్ళజోడు తడిసి ముద్దయింది.

"విన్నావుటే! నా మాటలో మొదటి అక్షరం!"

"పప్పా అని నాన్నని పిలిచిందేమో, బాబాయ్."

"అల్లుడికి మాత్రం చెప్పకు, ఎగరేసుకుపోతాడు." కళ్ళజోడు తుడుచుకోకుండానే బాసింపట్టు వేశాడు. "ప్... ప్..." నుదురు కొట్టుకున్నాడు.

ఆమె కూడా పక్కనే చతికిలబడి, "ప్... ప్..." అని నుదురు కొట్టుకుంది, కాస్త గట్టిగానే.

పాప పడీపడీ నవ్వింది. తర్వాత జాలిపడి, రెండు చేతులతో అమ్మ బుగ్గలు పట్టుకుని, పెదాలు ఎలా కలపాలో చూపించడం మొదలుపెట్టింది.