సర్దుతన్నాను

ఇన్నేళ్ళుగా ఇది నా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు, నా మొహం మీకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తొంభైల నాటి మాట. గోదావరి వైపు నుంచి వచ్చి విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగంలో కుదురుకున్నవాణ్ణి. నాతోపాటు నూకరాజు క్రేను నడిపేవాడు. వాళ్ళది జాలరిపేట, అతను తప్ప ఇంటిల్లిపాదీ చేపల వేట మీద బతికేవాళ్ళు. నాకు చుట్టం కాదు, పక్కం కాదు. అయినా తొలిరోజు నుంచే "బావా" అన్నాడు. ఉదయం షిఫ్టు దిగాక గేటు బయట టీకొట్టులో చదరంగం పరిచేవాళ్ళం. ఆట కంటే వాదనే ఎక్కువ. ఇప్పటిదాకా పుట్టిన ఆటగాళ్ళలో ఎవడు గొప్ప? ఏళ్ళ తరబడి ఏలుతున్న రష్యావాడా, కిరీటం గెలిచి ఆటే వదిలేసి పోయిన అమెరికావాడా? కొట్టంతా అమెరికా వైపు. రష్యా వైపు మేమిద్దరమే. ఊరుకాని ఊళ్ళో నాకది కొండంత అండ.

ఒకరోజు మా రష్యావాడు కంప్యూటరు చేతిలో ఓడిపోయాడని పేపర్లో వచ్చింది. నూకరాజు అందరి ముందూ నవ్వేశాడు. "మిషన్‌కి ఓడిపోయినోడు గొప్పోడేటి బావా? నాను అమెరికావోడి పార్టీ," అన్నాడు. కొట్టంతా గొల్లుమంది. సరదాకే అన్నాడేమో. నాకు మాత్రం వెన్నులో కత్తిలా దిగింది. మీకు నవ్వొస్తోంది కదూ? ముక్కూ మొహం తెలీని ఎవడి కోసమో అంత మంటేమిటని నన్ను నేనే ఎన్నిసార్లు అడిగానో. రష్యావాడి కోసం కాదండీ. నన్ను ఒంటరిని చేసి అటుపోయి కూర్చున్నందుకు.

ఆటలోనే తేల్చుకుందాం అన్నాను. ఓడినవాడు ఎదుటివాడి మనిషే గొప్పని అందరి ముందూ ఒప్పుకోవాలి.

మా కొట్టులో ఒక పద్ధతుంది. ముట్టుకున్న పావు ఆడి తీరాలి. గడిలో వంకరగా ఉన్నదాన్ని సరిచేయాలంటే ముందు "సర్దుతున్నాను" అని చెప్పాలి. నేను ఓడిపోయేలా ఉన్నాను. నూకరాజు వంగి, మెల్లగా ఆ మాట అని, గుర్రం మీద చెయ్యి వేశాడు. సరిగ్గా అప్పుడే రోడ్డు మీద లారీ ఒకటి దడదడలాడుతూ పోయింది.

"ముట్టుకున్నావు. గుర్రమే ఆడు," అన్నాను. గుర్రం కదిలితే అతని మంత్రి పోతుంది.

"సర్దుతన్నానని సెప్పాను గదా బావా. ఇన్లేదేటి?"

చుట్టూ ఉన్నవాళ్ళెవరికీ వినపడలేదు. అందరూ నావైపు చూశారు.

"నాకు వినపడలేదు."

వెనక నుంచి ఎవరో "తొండి" అన్నారు. నూకరాజు నావైపు ఒక్క చూపు చూశాడు. కోప్పడితే బాగుండేది. గుర్రం కదిపాడు, ఆట ఓడాడు, "నీవోడే గొప్పోడు బావా" అని లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత షిఫ్టు మార్పించుకున్నాడు. కొట్టులో అతను తొండి నూకరాజు అయిపోయాడు. ఆ పేరుతో నేనెప్పుడూ పిలవలేదు. కాదని కూడా అనలేదు. వాదనలో పార్టీ మారినవాడిది ద్రోహమైతే, నేను చేసినదాన్నేమనాలి?

కొన్నేళ్ళ తర్వాత ఓ ఆదివారం వంజరం చేప కొందామని ఫిషింగ్ హార్బరుకి వెళ్ళాను. బోర్లించిన చేపల ట్రే మీద చదరంగం బల్ల పెట్టుకుని నూకరాజు ఎవరితోనో ఆడుతున్నాడు. నన్ను చూడలేదు. బంటు ఒకటి సరిచేయబోతూ "సర్దుతన్నాను!" అని జెట్టీ అంతా వినపడేలా అరిచాడు.

ఎదుటివాడు ఉలిక్కిపడ్డాడు. "పక్కనే ఉన్నాను గదరా, అలాగరుస్తావేటి?"

"పక్కనున్నోడికే ఇనపడదురా," అన్నాడు. నవ్వలేదు.

చేప కొనకుండానే వెనక్కి వచ్చేశాను. ఎవడు గొప్ప అని ఇప్పుడెక్కడ వాదన మొదలైనా లేచి వెళ్ళిపోతాను. మీరు క్షమించక్కర్లేదు, అది మీరిచ్చేదీ కాదు. ఒక్కసారి పైకి అనాలనిపించింది, అంతే. ఆ రోజు లారీ మోతలో నాకు వినపడింది. స్పష్టంగా వినపడింది, చివర్లో "బావా" అన్నదాంతో సహా.