అమ్మ వంతుకొచ్చిన మొరాండా దేశం

ఇప్పుడంటే ఏ దేశం గురించి కావాలన్నా చేతిలో ఫోను నొక్కితే చాలు, రాజధాని దగ్గర్నుంచి ఇవాళ అక్కడ వాన పడుతుందో లేదో దాకా చెప్పేస్తోంది. ఆ రోజుల్లో, అంటే డెబ్బైల చివర్లో, విశాఖపట్నం పాతనగరంలో మా వీధివాళ్ళకి ఒక దేశం గురించి తెలియాలంటే దిక్కు నేనే. నాకేదో తెలుసని కాదు. నేను పోర్టులో టాలీ గుమాస్తాని. టాలీ గుమాస్తా అంటే మరేం లేదు, ఓడలోకి ఎక్కే బస్తాలనీ దిగే బస్తాలనీ గట్టు మీద నిలబడి లెక్కపెట్టేవాడు. ఆ ఓడ ఏ దేశం నుంచి వచ్చిందో, ఏ దేశానికి పోతుందో తలెత్తి చూసే ఓపిక నాకు ఉండేది కాదు. కానీ మా వీధిలో అందరి నమ్మకమూ ఒకటే, ఓడల దగ్గర పనిచేస్తున్నాడు కాబట్టి లోకమంతా చూసేసినట్టే. "నీకు తెలీపోడమేటి బావా, దేశాలన్నీ నీ సేతుల మీదనుంచే కదేటి ఎల్తన్నాయి" అనేవాడు పక్కింటివాడు. నా చేతుల మీదుగా వెళ్ళేవి తెలగపిండి బస్తాలురా నాయనా అని చెప్పినా (చొక్కా ఎన్నిసార్లు ఉతికినా ఆ వాసన పోయేది కాదు) నమ్మేవాడు కాదు.

పేరుకు గుమాస్తానే గాని, పర్మనెంటు కాదు. నా తర్వాత రావలసినవాడు రాకపోతే వాడి షిఫ్టు కూడా నాదే. వాడి తర్వాతివాడికి జ్వరం వస్తే అదీ నాదే. "కాదు, కుదరదు అనేవోళ్ళ పేర్లు పర్మనెంటు సేసే రోజున గుర్తుకు రావు బాబూ" అని మా పెద్ద గుమాస్తా ఒకసారి తమలపాకు నములుతూ ఎంతో ప్రేమగా అన్నాడు. అప్పటినుంచి నేను దేనికీ కాదనలేదు. నాన్న లేడు. అమ్మ ఒక ఆసుపత్రిలో ఆయా. మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటున్నా, ఆవిడ డ్యూటీకి వెళ్ళే వేళకి నేను రావడం, నేను లేచే వేళకి ఆవిడ పడుకోవడం, అలా రోజులు ఒకదాని మీద ఒకటి పడి దొర్లిపోయేవి. ఇద్దరిలో ఎవరు ఎక్కువ అలిసిపోయారన్నది ఎప్పుడూ తేలలేదు, తేల్చుకునే తీరిక ఇద్దరికీ లేదు.

మా చర్చిలో స్త్రీల సమాజానికి ఒక ఆనవాయితీ ఉండేది. నెలకొక ఆదివారం మధ్యాహ్నం అందరూ చేరి ఏదో ఒక దేశం కోసం ప్రార్థించేవారు. వంతు వచ్చిన ఆవిడ లేచి నిలబడి ఆ దేశం ఎక్కడుంది, ఎవరు ఏలుతున్నారు, ఏం పండుతుంది, ఏం అమ్ముకుని బతుకుతున్నారు అన్నీ చెప్పి, చివర్న ఆ దేశానికి ఏం అవసరముందో చెప్పాలి. అప్పుడు అందరూ కళ్ళు మూసుకుని ఆ అవసరం కోసం దేవుణ్ణి అడుగుతారు. తర్వాత టీ. ఒకసారి చెప్పిన దేశం మళ్ళీ చెప్పకూడదన్నది నియమం. అందుకని ఇంగ్లండు, అమెరికా, జర్మనీలాంటి దేశాలన్నీ సీతమ్మధారలో ఇళ్ళు కట్టుకున్న ఆఫీసర్ల భార్యలు ముందే తీసేసుకున్నారు (ఆ దేశాలకి మా పాతనగరం ప్రార్థనల అవసరం ఏమొచ్చిందో నాకిప్పటికీ తెలియదు). మా అమ్మకి మాత్రం సమాజంలో చేరిన నాటినుంచి ఒకటే వంతు, టీ పోసే వంతు. ఎవరూ ఆవిణ్ణి చిన్నచూపు చూశారని కాదు. కెటిలు అమ్మ చేతిలో ఉంటే అందరికీ అలవాటుగా ఉండేది, అంతే.

అలాంటిది ఒక నెల అమ్మ ఆ కెటిలు కింద పెట్టి, "వచ్చే నెల్లో నాను సెప్తానండీ దేశం" అందట. టీ తాగుతున్నవాళ్ళందరూ కప్పులు దించి అమ్మ వంక చూశారట. సమాజానికి సెక్రటరీ, ఒక బాలికల హైస్కూల్లో జాగ్రఫీ చెప్పే టీచరమ్మ. ఆవిడే తేరుకుని, "చెప్పండి, తప్పేముంది? ఆఫ్రికాలో ఇంకా చాలా మిగిలున్నాయి" అందట. ఆ సాయంత్రం అమ్మ ఇంటికొచ్చి ఈ మాట చెప్పినప్పుడు ఆవిడ మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. "నువ్వు లైబ్రరీకెల్లి మాంచి దేశం సూసి అట్టుకురా. నువ్వు సదివీసి నాకు సెప్పీ, నాను బట్టీ పట్టీస్తాను. ఆళ్ళందరి ముందరా నిలబడాల కదా" అంది. అమ్మకి తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు. కానీ ఒకసారి విన్న వాక్యాన్ని జన్మలో మర్చిపోయేది కాదు. నేను సరేనన్నాను. నెల ఉంది కదా అనుకున్నాను. ఆ నెలంతా ఏ ఓడలో కలిసిపోయిందో నాకు తెలియదు.

అమ్మ వంతు ఆదివారం రానే వచ్చింది. నేను శనివారం పగలూ, శనివారం రాత్రీ, ఆదివారం ఉదయమూ గట్టు మీదే గడిపి (నా తర్వాతివాడి భార్యకి పురుడొచ్చింది, ఆ బిడ్డ మీద నాకే కోపమూ లేదు) మిట్టమధ్యాహ్నానికి ఇల్లు చేరాను. అమ్మ అప్పటికే నీలం అంచు తెల్లచీర కట్టుకుని, తలకి నూనె రాసి దువ్వుకుని, గుమ్మంలో నిలబడి ఉంది.

"దేశం తెచ్చేవేట్రా?" అంది, బజారునుంచి చేపలు తెచ్చావా అన్నట్టు.

ఆ చీర చూశాక, ఆ దువ్విన తల చూశాక, మర్చిపోయానని చెప్పడానికి నోరు రాలేదు. "తెచ్చేనే" అన్నాను.

"ఏ దేశం?"

"మొరాండా" అన్నాను. ఆ పేరు ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఆ దేవుడికే తెలియాలి. అమ్మ నా ముందు అన్నం కంచం పెట్టి, పీట వాల్చుకుని కూర్చుని, "సెప్పు" అంది. ఇంక నేను ముద్దకీ ముద్దకీ మధ్య ఒక దేశాన్ని కట్టడం మొదలుపెట్టాను. నిద్రమత్తులో ఉన్నవాడికి ఊహ ఎంత దూరం పోతుంది? నా ఊహ మా గుమ్మం దాటి పోర్టు దాకా వెళ్ళి అక్కడే కూలబడింది. మొరాండాకి ఒక పక్క సముద్రం, మిగతా పక్కల కొండలు అన్నాను. సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చిన కొండ ఒకటుందన్నాను. "దాని మీద లైటుహౌసు ఉంటాదేట్రా?" అంది అమ్మ. ఉంటుందన్నాను. దేశానికి ఒక ప్రెసిడెంటున్నాడు, ఆయన ఎవరికీ కనపడడు, ఆయన కింద ఒక పెద్ద గుమాస్తా ఉన్నాడు, ఆయన ఎవరు ఏమడిగినా రేపు రమ్మంటాడు, ప్రభుత్వమంటే అదే అన్నాను. జీడిమామిడి పండుతుందన్నాను. కొండలనుంచి ఇనపరాయి తవ్వి ఓడలకి ఎక్కిస్తారని, ఆ రాయి పైదేశానికి పోయి ఇనుమై తిరిగొస్తే మళ్ళీ వీళ్ళే కొనుక్కుంటారని, ఇక్కడే ఉక్కు ఫ్యాక్టరీ కడతామని పునాదిరాయి వేశారని, ప్రస్తుతానికి రాయి ఉందని, ఫ్యాక్టరీ రావలసి ఉందని చెప్పాను. అమ్మ ప్రతి ముక్కా పెదాలతో మళ్ళీ అనుకుంటోంది. "బాగుంది. మరి ఆళ్ళకి అవసరం ఏటి?" అని అడిగింది. ఆ అవసరం చెప్పేలోపే నేను కంచం ముందు తూలి గోడకి ఆనుకుపోయాను.

మొహాన నీళ్ళు పడితే లేచాను. "లెగరా, నాను దేశం సెప్తంటే టీ ఎవులు పోత్తారు? నువ్వే పొయ్యాల" అంది. అలా నేను కెటిలు పుచ్చుకుని, ఆడవాళ్ళందరి మధ్యా ఒకే ఒక్క మగవాణ్ణి, హాల్లో ఆఖరి బెంచీ మీద కూర్చున్నాను.

అమ్మ లేచింది. మొదట గొంతు వణికింది. కొండల దగ్గరకి వచ్చేసరికి వణుకు పోయింది. పెద్ద గుమాస్తా దగ్గరకి వచ్చేసరికి హాలంతా నవ్వింది. ఇనపరాయి సంగతి చెబుతుంటే ముందు వరసలో ఒకావిడ, "అయ్యో, అచ్చం మనలాగే పాపం" అని నిట్టూర్చింది. నేను కెటిలు వెనక్కి నక్కాను. అంతా బాగానే గడిచిందనుకుంటూ ఉండగా జాగ్రఫీ టీచరమ్మ కళ్ళజోడు సవరించుకుని, "ముఖ్యపట్నం ఏదండీ?" అంది.

మేము ముఖ్యపట్నం కట్టుకోలేదు! అమ్మ మాత్రం తొణక్కుండా, "పేరు పెద్దదేనండీ, మరి ఆళ్ళెవులూ ఆ పేరు అనరు. టౌను అంతారు. టౌనుకెల్లొత్తాను అంతారు" అంది. అందరూ తలలూపారు. ఏ దేశంలోనైనా అంతే కదా అనుకున్నట్టున్నారు. టీచరమ్మ వదల్లేదు. "మ్యాపులో ఒకసారి చూపించండి, పిల్లలకి చెప్పుకోవచ్చు" అంది.

మా హాలు గోడకి దొరల కాలం నాటి గుడ్డ మ్యాపు ఒకటి వేలాడేది. ఏటా వానలకి గోడ కారి ఆఫ్రికా పడమటి తీరం పొడుగునా పెద్ద మచ్చ కట్టింది, దాని కింద ఏ పేర్లున్నాయో ఎవరికీ కనపడేవి కావు. అమ్మ మెల్లగా మ్యాపు దగ్గరకి నడిచింది. నాకు ఆ నడకే ఇప్పటికీ కళ్ళముందు కదులుతుంది. లేచి అంతా చెప్పేద్దామా అనుకున్నాను. ఇన్నేళ్ళ తర్వాత ఒక్కసారి నిలబడిన మనిషి, ఇప్పుడు అందరి ముందూ తల దించుకుని మళ్ళీ కెటిలు అందుకోవాలి, అదీ నావల్ల! అమ్మ వేలు సముద్రాలన్నీ దాటి వెళ్ళి సరిగ్గా ఆ మచ్చ మధ్యలో ఆగింది. "ఇక్కడండీ. వానకి తడిసిపోనాది" అంది.

టీచరమ్మ దగ్గరకెళ్ళి మచ్చలోకి తొంగి చూసింది. అమ్మని చూసింది. నన్ను చూసింది. తనకి తెలియని దేశం ఒకటి ఉందని, అదీ ఒక ఆయా నోటినుంచి విన్నానని ఒప్పుకోవడం ఆవిడ వల్ల కాలేదనుకుంటాను. "ఆఁ, ఈ మధ్యే స్వతంత్రం వచ్చిన దేశం కదూ" అని తన కుర్చీలో కూర్చుంది.

అప్పుడు పాస్టరుగారి భార్య, "ఆ దేశానికి ఏ అవసరం ఉందమ్మా, దేని కోసం ప్రార్థిద్దాం?" అని అడిగింది. నేను చెప్పని ముక్క అదొక్కటే. అమ్మ ఆఖరి బెంచీ మీదున్న నా వైపు ఒకసారి చూసింది. తర్వాత నెమ్మదిగా, "ఆ దేశంలో కుర్రోళ్ళు రాత్రీ పగలూ ఓడల కాడ పని సేత్తన్నారండీ. రేపు పర్మనెంటు సేత్తాం, ఎల్లుండి సేత్తామని తిప్పుతన్నారు. ఆ గుంటలకి నిద్దర లేదండీ. అన్నం కాడ కూకుని తూలిపోతన్నారు. తల్లులు సూత్తన్నారు గాని ఏటీ సెయ్యలేకపోతన్నారు. ఆళ్ళకి కూసింత నిద్దర ఇమ్మని అడగండమ్మా" అంది.

హాలు నిండా ఆడవాళ్ళు కళ్ళు మూసుకున్నారు. ఆఫీసర్ల భార్యలూ, నర్సులూ, జాగ్రఫీ టీచరమ్మా, అందరూ మొరాండా కుర్రాళ్ళ నిద్ర కోసం దేవుణ్ణి గట్టిగా అడిగారు. కొందరు కన్నీళ్ళు కూడా పెట్టుకున్నారు. కళ్ళు తెరుచుకుని ఉన్నది నేనొక్కణ్ణే. నాకు ఏడుపు ముంచుకొచ్చింది, కానీ ఏడవడానికి కూడా ఓపిక కావాలి. ప్రార్థన సగంలోనే నేను బెంచీ మీద కెటిలు కావిలించుకుని నిద్రపోయానట. ఆ రోజు టీ చల్లారిపోయింది. నన్ను ఎవరూ లేపలేదు.

తర్వాత చాలా నెలల పాటు దారిలో ఎవరో ఒకరు నన్నాపి, "మీ మొరాండావాళ్ళు ఎలా ఉన్నారు బాబూ?" అని అడుగుతూనే ఉండేవారు. జాగ్రఫీ టీచరమ్మ అయితే ఒక సమావేశంలో మొరాండా వర్షపాతం గురించి తనే రెండు ముక్కలు కలిపి చెప్పింది. అది విన్నాక నాకు భయం పట్టుకుంది. ఒకరోజు షిఫ్టుకి వెళ్ళబోతూ, అన్నం తింటూ, "అమ్మా, నిజానికి ఆ దేశం లేదే" అన్నాను.

అమ్మ పులుసు వడ్డిస్తూ తలెత్తకుండానే, "లేకపోడమేట్రా? ఎన్నేళ్ళనుంచో దానికి అన్నం వండి పెడతన్నాను" అంది. "తిను, సల్లారిపోతంది."

ఆ పైన కొన్నాళ్ళకి పర్మనెంటు అయింది, రిటైరూ అయింది, అమ్మా వెళ్ళిపోయింది. ఇప్పుడు నాకు మెత్తటి పరుపుంది, ఏ షిఫ్టూ లేదు, లేపేవాడు లేడు, నిద్ర మాత్రం లేదు. పక్క మీద దొర్లుతూ, చల్లారిన కెటిలు కావిలించుకుని గుర్రు పెడుతున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త కుళ్ళుగా కూడా ఉంటుంది. వాడి కోసం ఒక హాలు నిండా జనం దేవుణ్ణి అడిగారు. ఈ ముసలాడి కోసం అడగాలంటే, ముందు ఎవరో ఒకరు లేచి నిలబడి నేను ఏ దేశంవాణ్ణో చెప్పాలి కదా.